అండమాన్‌లో బూత్‌కు మూడున్నర ఓట్ల మెజారిటీ - యంత్రం లెక్క ఎంత నిక్కచ్చి?

డిగ్లీపూర్ (ఉత్తర అండమాన్): అండమాన్ నికోబార్ దీవుల లోక్‌సభ స్థానానికి 2019లో జరిగిన ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి కుల్‌దీప్ రాయ్ శర్మకు 95,308 ఓట్లు, ఆయన సమీప ప్రత్యర్థి, భారతీయ జనతా పార్టీకి చెందిన విశాల్ జోలీకి 93,901 ఓట్లు లభించాయి. తేడా 1,407. దక్షిణాన గ్రేట్ నికోబార్ మొదలు ఉత్తరాన డిగ్లీపూర్ తహసీలు వరకు సముద్రంలో చెల్లాచెదురుగా ఉన్న నాలుగు వందల పైచిలుకు పోలింగ్ కేంద్రాలకు ఈ తేడాను పంచి చూస్తే, బూత్ ఒక్కింటికి మూడున్నర ఓట్లు కూడా రావు. ఒక్కొక్క బూత్‌లో నలుగురు ఓటర్ల చేయి తడబడినా, నాలుగు ఓట్లు లెక్కలోకి రాకుండా జారిపోయినా ఢిల్లీకి వెళ్లే మనిషి మారిపోయేవాడన్న మాట.

ఈ దీవులలో ఓటు విలువ మరో కారణంగా కూడా ఎక్కువ. ఇది శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న ఓటరు ఒక శాసనసభ్యుడిని, ఒక పార్లమెంటు సభ్యుడిని ఎన్నుకుంటాడు. డిగ్లీపూర్ ఓటరుకు పంచాయతీల పైన చట్టసభకు పంపగల ప్రతినిధి ఒక్కరే. ఆ ఒక్కరినీ ఎన్నుకునే హక్కు సైతం 1967లో గాని రాలేదు. అంతకు ముందు అండమాన్ సభ్యుడిని రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. కనుక ఐదేళ్లకు ఒకసారి వేసే ఆ ఒక్క ఓటు వేసినది వేసినట్లుగా నమోదైందా, నమోదైనది నమోదైనట్లుగా లెక్కకు వచ్చిందా అన్నది ఇక్కడ కేవలం సాంకేతిక విషయం కాదు.

స్వల్ప తేడాలు అండమాన్‌కు కొత్త కావు. 2009లో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి విష్ణుపద రే 2,990 ఓట్లతో గెలిచారు. 2014లో అదే అభ్యర్థి ఆధిక్యత 7,812. 2024లో మాత్రం ఆయన 24,396 ఓట్ల తేడాతో నిశ్చింతగా బయటపడ్డారు. ఈ నాలుగు ఎన్నికలూ ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాల మీదనే జరిగాయి. ఇవే ఎన్నికలు కాగితపు బ్యాలెట్‌తో జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. బ్యాలెట్ పత్రాల కాలంలో లోక్‌సభ ఎన్నికలలో దేశం మొత్తం మీద నూటికి సుమారు రెండు ఓట్లు చెల్లనివిగా పక్కకు పోయేవి. 2019లో అండమాన్‌లో పోలైన ఓట్లు రెండు లక్షల పైచిలుకు. అందులో నూటికి రెండు అంటే నాలుగు వేలు. గెలిచిన తేడాకు ఇది రెండు రెట్లకు పైనే. చెల్లని ఓట్ల కట్ట గెలుపు తేడా కన్నా లావుగా ఉన్నప్పుడు ఎవరు గెలిచారన్న ప్రశ్నకు సమాధానం ఓటరు చేతిలో గాక, లెక్కింపు బల్ల వద్ద కూర్చున్న అధికారి విచక్షణలో ఉంటుంది.

చెల్లని ఓటు ఎక్కడ పుడుతుంది?

కాగితం మీద ఓటు చెల్లకుండా పోవడానికి దారులు అనేకం. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళిలో వాటికి పెద్ద జాబితాయే ఉంది. ముద్ర అసలు వేయకపోవడం, ఇద్దరికి వేయడం, ఏ అభ్యర్థికి వేసినదీ తేలని విధంగా రెండు గళ్ల మధ్య గీత మీద వేయడం, పోలింగ్ కేంద్రంలో ఇచ్చిన రబ్బరు స్టాంపుతో గాక పెన్నుతోనో వేలిముద్రతోనో గుర్తు పెట్టడం, ఓటరు ఎవరో తెలిసేలా ఏదైనా రాయడం, కాగితం చిరిగిపోవడం. ఇవి ఓటరు వైపు పొరపాట్లు. ప్రిసైడింగ్ అధికారి సంతకం, ముద్ర లేని బ్యాలెట్ పత్రం తిరస్కరణకు గురయ్యే అవకాశం ఉండడం మరొకటి. ఇందులో ఓటరు తప్పు ఇసుమంతయినా లేదు.

ముద్ర ఆరక ముందే కాగితం మడిస్తే సిరా ఎదుటి గడిలోనూ అంటుకుంటుంది. ఆ ముద్ర స్వస్తిక్‌ను పోలి, ఒక వైపుకు తిరిగి ఉండడంలో ఉన్న ప్రయోజనం ఇక్కడే బయటపడుతుంది. మడత వల్ల అంటుకున్న మరక అద్దంలో బింబంలా తిరగబడి కనిపిస్తుంది గనుక అసలు ముద్ర ఏదో, మరక ఏదో అధికారి పోల్చుకోగలడు. ఇంత ఆలోచించి చేసిన ఏర్పాటు ఉండి కూడా కట్టలు కట్టలుగా ఓట్లు చెత్తబుట్ట పాలయ్యాయంటే దోషం ఓటరు నిరక్షరాస్యతది అని సరిపెట్టుకోవడం కుదరదు. చదువుకున్న ఉద్యోగులు వేసే పోస్టల్ బ్యాలెట్‌లో ఈనాటికీ చెల్లని ఓట్లు వస్తూనే ఉన్నాయి. ధ్రువీకరణ పత్రం మీద సంతకం మరిచిపోవడం, దానిపై అధికారి అటెస్టేషన్ లేకపోవడం అందుకు ముఖ్య కారణాలు. డిగ్లీపూర్ సమీపంలో శిబ్‌పూర్ వద్ద ఉన్న నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ కోహాసా వంటి చోట్ల పనిచేసే సైనికులు తమ తమ సొంత నియోజకవర్గాలకు పంపే ఓట్లు ఈ కోవలోనివే.

కాగితం తెచ్చే చిక్కు ఎంతటిదో తెలుగువారికి ఇటీవల హైదరాబాద్‌లోనే తెలిసివచ్చింది. 2020 డిసెంబరు 1న గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ ఎన్నికలు బ్యాలెట్ పత్రాలతో జరిగాయి. కొన్ని బూత్‌లలో ఓటర్లకు స్వస్తిక్ ముద్రకు బదులుగా వేరే స్టాంపు అందింది. అలాంటి ఓట్లను కూడా చెల్లుబాటుగా పరిగణించవచ్చని రాష్ట్ర ఎన్నికల సంఘం లెక్కింపునకు ముందు రాత్రి ఇచ్చిన ఉత్తర్వుపై వివాదం హైకోర్టుకు ఎక్కింది. నేరేడ్‌మెట్ డివిజన్‌లో ఆధిక్యత 504 ఓట్లు. వేరే ముద్ర పడిన పత్రాలు 544. తేడా కన్నా సందేహాస్పదమైన ఓట్లు ఎక్కువ కావడంతో ఆ ఒక్క ఫలితం నిలిచిపోయి, కోర్టు అనుమతి తర్వాత గాని వెలువడలేదు. ఓటరు తన ఇష్టం స్పష్టంగానే చెప్పాడు. చేతికి ఇచ్చిన స్టాంపు మాత్రం తప్పుది.

అంతకు పూర్వం 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ కేవలం 9 ఓట్ల తేడాతో గెలుపొందారు. లక్షల ఓట్లు పోలైన చోట తొమ్మిది ఓట్లు! అప్పట్లో రెండు గళ్ల మధ్య పడిన ఒక్కొక్క ముద్ర కోసం ఏజెంట్లు ఎంతగా వాదులాడుకునేవారో పాత తరం రాజకీయ కార్యకర్తలను అడిగితే చెబుతారు.

యంత్రం పుట్టుక హైదరాబాద్‌లోనే

ఈ పరిస్థితికి విరుగుడుగా యంత్రాన్ని ప్రవేశపెట్టాలన్న ఆలోచన 1977లో నాటి ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్.ఎల్. షక్ధర్ కాలంలో మొదలైంది. 1979లో హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఇసిఐఎల్) తొలి నమూనాను తయారు చేసింది. 1980 ఆగస్టు 6న రాజకీయ పక్షాల ప్రతినిధుల ముందు దానిని ప్రదర్శించారు. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ కూడా ఆ తర్వాత ఈ పనిలో చేరింది. ఈ రెండు ప్రభుత్వ రంగ సంస్థలు తప్ప దేశంలో మరెవరూ ఎన్నికల సంఘానికి ఈ యంత్రాలను సరఫరా చేయడం లేదు.

తొలి ప్రయోగం 1982 మే 19న కేరళలోని పరూరు శాసనసభ నియోజకవర్గంలో, 84 బూత్‌లకు గాను 50 బూత్‌లలో జరిగింది. కమ్యూనిస్టు అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచారు. ఓడిన కాంగ్రెస్ అభ్యర్థి ఎ.సి. జోస్ కోర్టుకు వెళ్లారు. యంత్రం తప్పు లెక్క పెట్టిందా లేదా అన్న సంగతితో నిమిత్తం లేకుండా, చట్టంలో బ్యాలెట్ అనే మాటకు యంత్రం అనే అర్థం లేదని సుప్రీంకోర్టు 1984లో తేల్చింది. ఆ 50 బూత్‌లలో కాగితంతో మళ్లీ పోలింగ్ జరిపితే గెలిచింది జోస్. ఓటింగ్ సాధనం మారితే ఫలితం మారిందని ఈ ఉదంతాన్ని చూపేవారున్నారు. అయితే రెండేళ్లు గడిచాక జరిగిన రెండవ పోలింగ్‌లో ఓటరు మనసు కూడా మారి ఉండవచ్చునని మరువరాదు.

1988 డిసెంబరులో పార్లమెంటు ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61-ఎ సెక్షన్‌ను చేర్చడంతో యంత్రాలకు చట్టబద్ధత లభించింది. 1989-90లో ఒక్కొక్కటి సుమారు రూ. 5,500 ఖరీదుతో కొన్న లక్షన్నర యంత్రాలు ఏళ్ల తరబడి గోదాముల్లోనే మూలుగుతూ ఉండిపోయాయి. 1998 నవంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలో 16 శాసనసభ స్థానాలలో వాటికి దుమ్ము దులిపారు. 2004 లోక్‌సభ ఎన్నికలు మొత్తం 543 స్థానాలలోనూ యంత్రాలతోనే జరిగాయి. ప్రజాధనంతో కొన్న సరుకు దాదాపు పదేళ్లు వాడకం లేకుండా పడి ఉండడం గురించి ఆనాడు పెద్దగా ఎవరూ ప్రశ్నించకపోవడం విడ్డూరం.

తెలుగు నేల మీద బ్యాలెట్ కాగితం హద్దు ఏమిటో 1996లోనే రుజువైంది. ఫ్లోరైడ్ నీటి సమస్యపై దేశం దృష్టిని ఆకర్షించేందుకు నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. తన అభ్యర్థి ఏ పేజీలో ఉన్నాడో ఓటరు వెతుక్కోవలసి వచ్చింది. సరిగ్గా అదే తరహాలో 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయగా 185 మంది పోటీలో మిగిలారు. ఈసారి ఒక్కొక్క బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చి యంత్రంతోనే పోలింగ్ జరిపారు. పాత తరం యంత్రం 64 పేర్లకు మించి మోయలేకపోయేది. 2010 జూలైలో తెలంగాణ ఉప ఎన్నికలలో కొన్ని నియోజకవర్గాలలో అభ్యర్థుల సంఖ్య ఆ హద్దును దాటించి, యంత్రాలను పక్కన పెట్టించి, బ్యాలెట్ పత్రాలను రప్పించడం ఒక రాజకీయ వ్యూహంగానే నడిచింది. 2013 తర్వాత వచ్చిన మూడవ తరం యంత్రం 384 పేర్ల వరకు మోస్తుంది.

వేలు చేసే పొరపాటు

యంత్రంలో చెల్లని ఓటు అంటూ ఉండదు. ఒకసారి మీట నొక్కితే ఒకే ఓటు. రెండవసారి నొక్కినా లెక్కకు రాదు. ఈ సౌలభ్యాన్ని చూసి ఓటు ఇక ఖచ్చితమైపోయిందని అనుకోవడం తొందరపాటు. చెల్లని ఓటు కనిపించే పొరపాటు. తప్పు మీట మీద పడిన వేలు కనిపించని పొరపాటు. కాగితం మీద ఇద్దరికి ముద్ర వేసినవాడి తికమక అధికారి కంటపడుతుంది. యంత్రం మీద పక్క మీట నొక్కినవాడి తికమక మరొకరికి ఓటుగా మారి, చెల్లుబాటయ్యే లెక్కలో కలిసిపోతుంది.

తెలంగాణలో గుర్తుల గొడవ దీనికి చక్కని దృష్టాంతం. 2018 శాసనసభ ఎన్నికలలో ట్రక్కు గుర్తు తమ కారు గుర్తును పోలి ఉండడంతో ఓట్లు దారి తప్పాయని నాటి తెలంగాణ రాష్ట్ర సమితి ఫిర్యాదు చేసింది. 2022 మునుగోడు ఉప ఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తు విషయమై రిటర్నింగ్ అధికారి, ఎన్నికల సంఘం మధ్యనే భిన్న నిర్ణయాలు వెలువడ్డాయి. నలుపు తెలుపుల్లో, అగ్గిపెట్టెంత స్థలంలో ముద్రించిన బొమ్మలు చూపు మందగించిన వృద్ధులకు ఒకే విధంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. 2015 నుంచి అభ్యర్థి ఫోటో కూడా ముద్రించడం ఈ తికమకను కొంత తగ్గించే ఉద్దేశంతో వచ్చినదే.

అండమాన్‌లో ఈ అంశానికి మరింత ప్రాధాన్యం ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం 43 వేల జనాభా గల డిగ్లీపూర్ తహసీలులో అధికులు దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల వారు. కాళీపూర్, రబీంద్రపల్లి, సుభాష్‌గ్రామ్ వంటి గ్రామాల పేర్లే ఆ సంగతి చెబుతాయి. పక్కనే కేరళపురం ఉంది. దీవులు మొత్తం మీద తెలుగు మాట్లాడేవారు 13 శాతానికి పైగా ఉన్నారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి చేపల వేటకు వచ్చి నిలిచిపోయిన కుటుంబాలు వీరిలో అనేకం. ఒక లిపి చదివినవారికి మరో లిపి రాదు. ఇటువంటి చోట పేరు కన్నా గుర్తే పెద్ద దిక్కు. 2024 ఏప్రిల్ 19న గ్రేట్ నికోబార్ అడవులలో నివసించే షాంపెన్ తెగకు చెందిన ఏడుగురు చరిత్రలో తొలిసారిగా ఓటు వేశారు. అక్షరంతో పరిచయం లేనివారికీ మీట నొక్కడం అందుబాటులో ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

సాధనం మారితే నిరక్షరాస్యుడి ఓటుకు ఏమవుతుందో బ్రెజిల్ అనుభవం లెక్కలతో సహా చూపింది. అక్కడ కాగితపు బ్యాలెట్ మీద అభ్యర్థి పేరో సంఖ్యో ఓటరే రాయాలి. 1998లో 40,500 మంది ఓటర్లు దాటిన పట్టణాలలో మాత్రం సంఖ్యలు నొక్కితే అభ్యర్థి ఫోటో కనిపించే యంత్రాలు పెట్టారు. ఈ రెండు రకాల పట్టణాలనూ పోల్చి ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్రవేత్త థామస్ ఫుజివారా 2015లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, యంత్రం వల్ల పోలైన ఓట్లలో పది శాతానికి మించి అదనంగా లెక్కలోకి వచ్చాయి. అవి అధికంగా చదువులేని పేదలవి. దరిమిలా ప్రజారోగ్యంపై ప్రభుత్వ వ్యయం పెరిగిందనీ, తక్కువ బరువుతో పుట్టే శిశువుల సంఖ్య తగ్గిందనీ ఆయన తేల్చారు. చెల్లని ఓట్ల కట్టలో ఉన్నవి కాగితాలు మాత్రమే కావని దీని అర్థం.

అమెరికా అనుభవం వేరు. 2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడా రాష్ట్రాన్ని జార్జ్ బుష్ 537 ఓట్లతో గెలిచి అధ్యక్షుడయ్యారు. అక్కడి పామ్ బీచ్ కౌంటీలో పేర్లు రెండు పుటల మీద, రంధ్రాలు మధ్యలో ఉండే సీతాకోకచిలుక తరహా బ్యాలెట్ వల్ల 19 వేలకు పైగా పత్రాలు రెండేసి రంధ్రాలతో చెల్లకుండా పోయాయి. ఆ వెంటనే కాల్‌టెక్, ఎంఐటి విద్యాసంస్థలు కలిసి 2001లో జరిపిన అధ్యయనంలో, అధ్యక్ష ఎన్నికలో లెక్కకు రాని ఓట్లు రంధ్రాల కార్డుల వద్ద నూటికి 2.5, ఎలక్ట్రానిక్ యంత్రాల వద్ద 2.3 కాగా, చేతితో లెక్కించే కాగితం వద్ద 1.8, కాగితాన్ని యంత్రం చదివే పద్ధతిలో 1.5 మాత్రమేనని వెల్లడైంది. అధునాతన సాధనం కనుక ఖచ్చితమైనదనే నమ్మకాన్ని ఈ అంకెలు వమ్ము చేశాయి. మన యంత్రానికి అక్కడి యంత్రంతో పోలిక లేదన్నది నిజమే. అమెరికా ఓటరు ఒకే విడతలో అధ్యక్షుడి నుంచి న్యాయమూర్తి దాకా డజన్ల పదవులకు ఓటు వేయాలి. మన ఓటరు ముందున్నది ఒకే వరుస, ఒకే మీట. మన యంత్రం బలం అందులోని ఎలక్ట్రానిక్స్‌లో కన్నా ఈ సరళతలోనే ఎక్కువగా ఉంది.

తేమ, వెలుతురు, కాగితపు చుట్ట

యంత్రం నమోదు చేసినదేమిటో ఓటరుకు తెలియదన్న విమర్శకు జవాబుగా వచ్చినది వివిప్యాట్. మీట నొక్కగానే అభ్యర్థి పేరు, క్రమసంఖ్య, గుర్తు ఉన్న చీటీ గాజు కిటికీ వెనుక ఏడు సెకన్లు కనిపించి, తెగి పెట్టెలో పడుతుంది. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సేన్ ఉప ఎన్నికలో తొలిసారి వాడారు. అదే ఏడాది అక్టోబరు 8న సుబ్రహ్మణ్యస్వామి దాఖలు చేసిన కేసులో, స్వేచ్ఛాయుత ఎన్నికలకు ఇది అనివార్యమని సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. 2017 ఏప్రిల్‌లో 16.15 లక్షల వివిప్యాట్‌ల కొనుగోలుకు కేంద్ర మంత్రివర్గం రూ. 3,173 కోట్లు మంజూరు చేసింది. 2019లో దేశమంతటా, అండమాన్‌తో సహా, ప్రతి బూత్‌లోనూ వీటిని అమర్చారు.

ఓటింగ్ యంత్రం సొంత బ్యాటరీ మీద నడుస్తుంది. డీజిల్ జనరేటర్లే ప్రధానాధారమైన దీవులలో ఇది చిన్న సదుపాయం కాదు. (దీవులలోని ఒకే ఒక్క జలవిద్యుత్ కేంద్రం డిగ్లీపూర్ వద్ద కల్పాంగ్ నదిపై ఉంది, దాని సామర్థ్యం 5.25 మెగావాట్లు.) వివిప్యాట్ సంగతి అలా కాదు. అది ముద్రణ యంత్రం. అందులో కాగితపు చుట్ట, కదిలే భాగాలు, వెలుతురును పసిగట్టే సెన్సర్ ఉన్నాయి. 2018 మేలో ఉత్తరప్రదేశ్‌లోని కైరానా ఉప ఎన్నికలో ఇవి పెద్ద సంఖ్యలో మొరాయించడంతో 73 బూత్‌లలో మళ్లీ పోలింగ్ జరపవలసి వచ్చింది. నేరుగా పడిన వెలుతురు, గాలిలోని తేమ కారణాలని తేలిన మీదట సెన్సర్‌కు కప్పు అమర్చి, తేమ పీల్చని కాగితం వాడడం ప్రారంభించారు. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల మేర వర్షం కురిసే, ఉప్పుగాలి ఆరని అండమాన్‌కు ఈ మార్పు కైరానా కన్నా ఎక్కువ అవసరం. శ్రీవిజయపురం అని 2024లో పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లీపూర్‌కు జరవా రిజర్వు అడవి మీదుగా రోడ్డు మార్గం సుమారు 325 కిలోమీటర్లు. మొరాయించిన యంత్రానికి బదులు యంత్రం స్థానికంగా సిద్ధంగా ఉంటే తప్ప ఆ పూట పోలింగ్ ఆగినట్లే.

చీటీలో తాను నొక్కని గుర్తు కనిపించిందని ఓటరు ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు రాతపూర్వకంగా ప్రకటన ఇచ్చి, ఏజెంట్ల ఎదుట పరీక్ష ఓటు వేయాలి. ఆరోపణ తప్పని తేలితే శిక్షార్హుడవుతాడు. పోలింగ్ అధికారుల ముందు గొంతు విప్పడానికే జంకే సామాన్య ఓటరు ఈ షరతు విన్నాక ఎంతవరకు ముందుకొస్తాడన్నది అనుమానమే.

మైదుకూరు 63వ బూత్

చీటీలను ఎన్ని లెక్కించాలన్నది మరో వివాదం. తొలుత శాసనసభ సెగ్మెంటుకు ఒక యంత్రం చీటీలు లెక్కించేవారు. చంద్రబాబునాయుడు సహా 21 ప్రతిపక్షాల నేతలు వేసిన పిటిషన్‌పై 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఆ సంఖ్యను ఐదుకు పెంచింది. రెండు లెక్కల మధ్య తేడా వస్తే చీటీల లెక్కదే తుది మాట.

అప్పటి నుంచి 41,629 యంత్రాలలో నాలుగు కోట్లకు పైగా చీటీలను సరిచూడగా ఒక్కచోట మాత్రమే తేడా కనిపించిందని ఎన్నికల సంఘం 2024లో సుప్రీంకోర్టుకు నివేదించింది. ఆ ఒక్కటీ తెలుగు గడ్డ మీదనే. 2019 శాసనసభ ఎన్నికలలో కడప జిల్లా మైదుకూరు నియోజకవర్గంలోని 63వ నంబరు పోలింగ్ కేంద్రం. కారణం యంత్రంలోని చిప్ కాదు. పోలింగ్‌కు ముందు ఏజెంట్ల సమక్షంలో కనీసం 50 ఓట్లతో జరిపే నమూనా పోలింగ్ ఓట్లను ప్రిసైడింగ్ అధికారి తుడిచివేయకపోవడం. మూసివేయి, ఫలితం చూడు, తుడిచివేయి అన్న మూడు మీటలలో చివరిది మరిచిపోతే ఉత్తుత్తి ఓట్లు అసలు ఓట్లతో కలుస్తాయి. కాగితం రోజులలో సంతకం మరిచిన అధికారి, యంత్రం రోజులలో మీట మరిచిన అధికారి ఒకే కోవకు చెందినవారు. 2014లో మంగళగిరి శాసనసభ స్థానం కేవలం 12 ఓట్ల తేడాతో తేలిందని గుర్తుంచుకుంటే 50 నమూనా ఓట్ల ప్రాముఖ్యం బోధపడుతుంది.

యంత్రంలోని చిప్ సైతం నూటికి నూరుపాళ్లు నమ్మదగినది కాదని చెప్పడానికి బెల్జియంలో జరిగిన సంఘటనను నిపుణులు ప్రస్తావిస్తుంటారు. 2003 మేలో అక్కడి షార్‌బీక్ పట్టణంలో ఒక అభ్యర్థికి ఉన్నట్టుండి 4,096 ఓట్లు అధికంగా నమోదయ్యాయి. అది రెండును పన్నెండు సార్లు హెచ్చించగా వచ్చే సంఖ్య. కంప్యూటర్ జ్ఞాపకంలో ఒకే ఒక్క బిందువు సున్నా నుంచి ఒకటికి మారడమే ఇందుకు కారణమని భావించారు. సాధ్యమైన ఓట్ల కన్నా ఎక్కువ రావడం వల్ల గాని పొరపాటు పట్టుబడలేదు. ఓటరు ప్రత్యేక పరిజ్ఞానం లేకుండా సరిచూసుకోలేని యంత్రాలు రాజ్యాంగ విరుద్ధమని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో తీర్పు చెప్పింది.

మన యంత్రాన్ని చేజిక్కించుకుని విప్పగలిగితే ఫలితం చూపే బోర్డును మార్చవచ్చునని హైదరాబాద్‌కు చెందిన వేమూరు హరిప్రసాద్ 2010లో అమెరికా, నెదర్లాండ్స్ పరిశోధకులతో కలిసి ప్రదర్శించారు. యంత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనందుకు ఆయనను ఆ ఏడాది ఆగస్టులో అరెస్టు చేసి, తర్వాత బెయిలుపై విడుదల చేశారు. యంత్రాలు సీళ్ల మధ్య, కాపలా మధ్య ఉండగా అటువంటి అవకాశం లేదన్నది ఎన్నికల సంఘం వాదన. లోపం ఉన్నదని చూపించిన వ్యక్తిని ముందు విచారించి, లోపాన్ని తర్వాత విచారించడం ఎంతవరకు సబబన్న విమర్శ అప్పట్లో గట్టిగానే వచ్చింది.

2024 ఏప్రిల్ 26న న్యాయమూర్తులు సంజీవ్ ఖన్నా, దీపాంకర్ దత్తాల ధర్మాసనం చీటీలన్నింటినీ లెక్కించాలన్న కోరికను, కాగితపు బ్యాలెట్‌కు మరలాలన్న కోరికను రెంటినీ తోసిపుచ్చింది. అయితే గుర్తులను వివిప్యాట్‌లోకి ఎక్కించే యూనిట్లను ఫలితాల తర్వాత 45 రోజులు సీలు వేసి భద్రపరచాలని, రెండవ, మూడవ స్థానాలలో నిలిచిన అభ్యర్థులు వారం లోగా కోరితే శాసనసభ సెగ్మెంటుకు ఐదు శాతం యంత్రాల చిప్‌లను తయారీ సంస్థ ఇంజనీర్లు పరిశీలించాలని ఆదేశించింది. చీటీలను యంత్రంతో లెక్కించే వీలును, బార్‌కోడ్ ముద్రణను పరిశీలించమని సూచించింది. పరిశీలనకు 2024లో ఎన్నికల సంఘం నిర్ణయించిన రుసుము యంత్రం ఒక్కింటికి రూ. 40,000, దానిపై 18 శాతం జిఎస్‌టి కలిపి రూ. 47,200. యంత్రంలో అక్రమం జరిగినట్లు తేలితే ఆ సొమ్ము తిరిగి ఇస్తారు.

నాలుగు వందల పైచిలుకు బూత్‌లున్న అండమాన్‌లో ఐదు శాతం అంటే ఇరవై. ఆ రుసుము ప్రకారం ఇరవై యంత్రాలు విప్పించాలంటే ఓడిన అభ్యర్థి దాదాపు తొమ్మిదిన్నర లక్షల రూపాయలు ముందుగా చెల్లించవలసి వచ్చేది. ఎన్నికను సవాలు చేయదలిస్తే వెళ్లవలసినది సముద్రం ఆవల కలకత్తా హైకోర్టుకు. గడువు 45 రోజులు. దీనితో పోలిస్తే ఖర్చు లేని పరిశీలన ఒకటి ప్రతి బూత్‌లోనూ అందుబాటులో ఉంది. పోలింగ్ ముగియగానే యంత్రం చూపే మొత్తం ఓట్ల సంఖ్యను, ఓటర్ల రిజిస్టరులోని సంతకాల సంఖ్యను నమోదు చేసే 17-సి పత్రం ప్రతిని అధికారి సంతకంతో ఏజెంట్ తీసుకోవచ్చు. లెక్కింపు బల్ల వద్ద యంత్రం తెరపై అదే సంఖ్య రావాలి. ఆ ప్రతిని అడిగి తీసుకునేందుకు సాయంత్రం ఆరు గంటల వేళ బూత్‌లో అభ్యర్థి తరఫు మనిషి ఒకడు కూర్చుని ఉండాలి.